ముందు ఆధార్, తర్వాత బీరు: కుందలహళ్ళి దగ్గర ఒక బ్రూపబ్

ఈ బ్రూపబ్‌లో, అంటే బీరు అక్కడే కాసి పోసే పబ్బులో, బీరు ఎలా ఉందని నన్నడిగితే చెప్పలేను, నేను తాగను. మా తమ్ముడూ మేనకోడలూ తాగారు, వాళ్ళన్నది కింద రాస్తాను. నేను రాయాలనుకున్నది తలుపు దగ్గర సంగతి. ఇక్కడ వయసు అడుగుతారు. అందరినీ అడుగుతారు. నెరిసిన జుట్టుతో వెళ్ళిన నన్ను కూడా అడిగారు. పేరు మాత్రం రాయను, రాస్తే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళందరూ జాగ్రత్తపడి ఆ పక్క పబ్బుకి పోతారు. బెంగళూరులో కుందలహళ్ళి మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళచ్చు, లిఫ్ట్ ఉంది, లోపల గాజు గోడ వెనక బీరు కాసే స్టీలు ట్యాంకులు కనిపిస్తాయి. ఆ ఆనవాలు చాలు.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే పబ్బుతో ఈవిడకేం పని అనుకుంటారు. మాది కావలి. మారతహళ్ళిలో మగపిల్లల పీజీ హాస్టల్ నడుపుతున్నాం, మా ఆయనా నేనూ. ఉండేవాళ్ళలో ఎక్కువమంది పద్దెనిమిదికీ ఇరవై మూడుకీ మధ్యవాళ్ళు. కోచింగులు, ఇంటర్న్‌షిప్పులు, మొదటి ఉద్యోగాలు. "ఆంటీ, పప్పులో ఉప్పు ఎక్కువైంది" అని వంక పెట్టేవాళ్ళే శనివారం రాత్రి ఏం తాగారో ఆదివారం పొద్దున టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకు వెనక లెక్క దొరుకుతుంది. తాగే వయసు ఎంతుండాలని టీవీలో వాళ్ళు వాదించుకుంటుంటే నేను పాత సామాన్లవాడికి ఖాళీ సీసాలు ఎంచి ఇస్తుంటాను.

మా మేనకోడలికి 24. బర్మింగ్‌హామ్‌లో ఎంఎస్సీ చేసొచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరింది. మొదటి జీతం రాగానే ట్రీట్ ఇస్తానంది. కావలి నుంచి తమ్ముడు, అంటే వాళ్ళ నాన్న, వచ్చాడు. మా అబ్బాయికి 20, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా ఆయన రాలేదు, పీజీలో రాత్రి భోజనాలు ఎవరో ఒకరు చూసుకోవాలి కదా.

తలుపు దగ్గర ఒక అస్సాం కుర్రాడు, చిన్న బల్ల, ఒక ట్యాబ్. ఆధార్ గానీ డ్రైవింగ్ లైసెన్స్ గానీ చూపించమన్నాడు. తమ్ముడు నా తల వైపు చెయ్యి చూపించి, "ఈమెక్కూడానా?" అన్నాడు. "అందరికీ అంతే అన్నా" అన్నాడు ఆ అబ్బాయి, తెలుగులోనే. ఈ ఏరియాలో రెండేళ్ళు పనిచేస్తే ఎవరికైనా తెలుగు వచ్చేస్తుంది.

మా అబ్బాయి ఫోన్‌లో ఆధార్ ఫొటో తీసి చూపించాడు. కుదరదన్నాడు. డిజిలాకర్ యాప్ తన కళ్ళ ముందు తెరిచి చూపించాలి, లేదా అసలు కార్డు ఇస్తే దాని మీది క్యూఆర్ స్కాన్ చేస్తాడు. ఇది చాదస్తం అనుకునేవాళ్ళకి మా పీజీ సంగతి ఒకటి చెప్తాను. చేరేటప్పుడు ప్రతి కుర్రాడి ఆధార్ జిరాక్స్ తీసుకుంటాం, పోలీసులకి ఇవ్వాలి. ఒకబ్బాయి పుట్టినరోజుకి కేకు తెప్పిద్దామని ఫైలు తీస్తే పుట్టిన సంవత్సరం 2005. అదే అబ్బాయి ఫోన్‌లో ఉన్న ఆధార్ ఫొటోలో 2002. అదేంట్రా అంటే, "ఎడిటింగ్ యాప్ ఆంటీ, రెండు నిమిషాల పని" అన్నాడు, అదేదో సర్టిఫికెట్ కోర్సు చేసినట్టు. ఆ ఫొటోతో ఎక్కడెక్కడికి వెళ్ళాడో చెప్పుకుంటూ పోయాడు. ఒక్కచోట కూడా ఎవరూ ఫోన్ చేతిలోకి తీసుకుని చూడలేదట. దూరం నుంచి చూసి తలూపడం, అంతే. దాన్ని తనిఖీ అంటే నేనొప్పుకోను.

ఇక్కడ 21 నిండినవాళ్ళ చేతికి ఆకుపచ్చ కాగితం బ్యాండ్ కడతారు, నిండనివాళ్ళకి పసుపుపచ్చది. పసుపు బ్యాండ్ వాళ్ళు పెద్దవాళ్ళతో వస్తేనే లోపలికి రానిస్తారు, అదీ రాత్రి ఎనిమిది దాకానే. చాలా పబ్బుల్లో 21 లోపు వాళ్ళని గుమ్మం దగ్గరే తిప్పి పంపేస్తారు, లేదా అసలేమీ అడక్కుండా బల్ల చూపిస్తారు. ఈ మధ్యస్థం నాకు నచ్చింది.

కర్ణాటకలో ఈ వయసు లెక్క కొంచెం విచిత్రంగా ఉంటుంది. 1965 ఎక్సైజ్ చట్టంలో 18 అని ఉంది, 1967 నాటి లైసెన్సు నిబంధనల్లో 21 అని ఉంది. బార్లూ షాపులూ పాటించాల్సింది 21. రెండూ ఒకేలా ఉండాలని 2023 జనవరిలో ప్రభుత్వం 18కి తగ్గిస్తూ ముసాయిదా బయటపెట్టింది. గొడవైంది, కొన్నాళ్ళకే వెనక్కి తీసుకుంది. ముసాయిదా వార్త వచ్చిన రోజు మా రెండో అంతస్తులో పండగ చేసుకున్నారు. వెనక్కి తీసుకున్న రోజు ఎవరి ముఖమూ వాడలేదు. ముందూ కొనేవాళ్ళే, తర్వాతా కొన్నారు, వాళ్ళకి మధ్యలో మారిందేముంది?

ఇక బల్ల దగ్గరికి. పసుపు బ్యాండ్ చూసి మా అబ్బాయికి వేరే మెనూ ఇచ్చారు: మోక్‌టెయిళ్ళు, నిమ్మసోడా, జీరో బీరు. నాకూ వాడికీ జీరో బీరు చెప్పాను. 0.5 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నది మద్యం కిందికి రాదు, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన అది. అందుకే ఈ డబ్బాలు సూపర్ మార్కెట్‌లో కూల్‌డ్రింకుల పక్కనే పెట్టి అమ్ముతున్నారు. అయినా ఇక్కడ మా అబ్బాయికి డబ్బా ఇచ్చి, గ్లాసు ఇవ్వలేదు. స్ట్రా ఇచ్చారు! బీరు డబ్బాలో స్ట్రా వేసుకుని తాగుతున్న కొడుకుని చూసి నవ్వాపుకోలేకపోయాను. వాడు మాత్రం ముఖం ముడుచుకున్నాడు.

మేనేజర్‌ని పిలిచి అడిగాను, మద్యం కానిదానికి గ్లాసు ఎందుకు ఇవ్వరని. కోపం తెచ్చుకోకుండా వివరంగా చెప్పాడు. మగ్గులో పోస్తే దూరం నుంచి ఏది ఏదో తన మనుషులకే తెలియదట. పసుపు బ్యాండ్ చేతిలో మగ్గు కనిపిస్తే పరిగెత్తాలి, అందుకని పసుపు బ్యాండ్ చేతికి మగ్గే వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నారు. 2024 మే నెలలో పుణేలో 17 ఏళ్ళ కుర్రాడు తాగి పోర్షే కారు నడిపాడని, ఇద్దరు ఐటీ ఉద్యోగుల ప్రాణాలు పోయాయని మనందరం వార్తల్లో చూశాం. వాడికి మందు పోసిన బార్లవాళ్ళని కూడా అరెస్టు చేశారు. ఆ వారంలోనే తమ యజమాని ఈ బ్యాండ్లు తెప్పించాడని చెప్పాడు మేనేజర్. భయంతోనే కావచ్చు. భయంతో చేసినా పని సరిగ్గా చేస్తే నాకు అభ్యంతరం లేదు.

జీరో బీరు రుచి గురించి: మొలకెత్తిన బార్లీ నానబెట్టిన నీళ్ళల్లో కాస్త చేదు, కాస్త గ్యాసు. చల్లగా ఉన్నంతసేపు బాగుంటుంది, సగంలో వేడెక్కితే ఇక తాగలేం. షాపు ధరకి రెట్టింపు వేశారు. పబ్బు కాబట్టి అంతే మరి.

తమ్ముడు తాగింది గోధుమ బీరు. అరటిపండు వాసన వస్తోందన్నాడు, మేనకోడలేమో "నాన్నా, ఆ రకం బీరుకి ఉండాల్సిన వాసనే అది" అంది. తను స్టౌట్ తాగింది, నల్లగా కాఫీ డికాషన్‌లా ఉంది చూడ్డానికి. బర్మింగ్‌హామ్‌లో తాగినదానికి తక్కువేం కాదంది.

ట్యాంకుల పక్కన నల్లబోర్డు మీద ప్రతి బీరు ఎంత శాతమో రాసి ఉంది. గోధుమ బీరు 4.8 శాతం. పీజీ లెక్కల పుస్తకం రాసే చెయ్యి కదా, ఊరుకోలేదు. అరలీటరు మగ్గులో 24 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మా పిల్లలు వైన్ షాపులో కొనే విస్కీ క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అంటే 77 మిల్లీలీటర్లు. ఒక క్వార్టర్ మూడు మగ్గుల పైమాట. స్ట్రాంగ్ బీరు అయితే 650 సీసా, 8 శాతం దాకా ఉంటుంది, అది రెండు మగ్గులకి పైనే. ధర చూస్తే తలకిందులు. ఇక్కడ ఒక్క మగ్గుకి పెట్టే డబ్బుతో బయట చవక రకం క్వార్టర్లు రెండు వస్తాయి. ఇక్కడ బల్ల ముందు కూర్చోవాలి, తినాలి, చుట్టూ మనుషులుంటారు, ఎక్కువైతే పోయడం ఆపే మనిషి ఉన్నాడు. అక్కడ కటకటాల్లోంచి చెయ్యి పెట్టి కవర్లో పెట్టుకుని రావడమే, టెర్రస్ మీద ఆపేవాడెవడూ ఉండడు. మనవాళ్ళ గగ్గోలంతా పబ్బుల మీద, ఎమ్మార్పీ మందు షాపు ముందు యూనిఫాం విప్పని కాలేజీ పిల్లలు వరసలో నిలబడ్డా ఎవరికీ పట్టదు.

ఈ లెక్క పైకి చెప్పగానే మా బల్ల దగ్గర అసెంబ్లీ మొదలైంది.

తమ్ముడిది ఒకటే మాట: 21 కూడా తక్కువే, మహారాష్ట్రలో విస్కీ లాంటివాటికి 25 పెట్టినట్టు పెట్టాలి. "1992లో మన దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. అమ్మ కూడా వేలంపాట అడ్డుకోవడానికి వెళ్ళింది, గుర్తుందా? ఇప్పుడు నువ్వు పబ్బులో కూర్చుని లెక్కలేస్తున్నావా అక్కా" అన్నాడు. ఈ మాటలు రెండో మగ్గు పట్టుకుని అన్నాడని రాయకపోతే న్యాయం కాదు. గుర్తులేకేం, నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ ఉద్యమంతోనే 1993లో సారా పోయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం నిషేధం తెచ్చారు, 1997లో అది ఎత్తేశారు. కానీ ఆ ఉద్యమం ముందుండి నడిపిన దూబగుంట రోసమ్మగారూ మా అమ్మా పోరాడింది మొగుళ్ళ కూలి డబ్బు సారా కొట్లో ఖర్చైపోతోందని. వాళ్ళ మొగుళ్ళెవరూ ఇరవై ఏళ్ళవాళ్ళు కాదు. ఇప్పుడు మన ఆంధ్రాలో 2024 అక్టోబర్ నుంచి 99 రూపాయలకే క్వార్టర్ అమ్ముతున్నారు. ఆ సీసా మీద కోపం వస్తే అర్థముంది. వయసు 25 చేస్తే ఆ 99 రూపాయల సీసా మాయమవుతుందా?

మేనకోడలు ఓటు సంగతెత్తింది. మన దేశంలో ఓటు వయసు కూడా మొదట 21, 61వ రాజ్యాంగ సవరణతో 18 అయింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ముఖ్యమంత్రిని ఎన్నుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, కారు నడపచ్చు, బీరు మాత్రం తాగకూడదా అంది. ఈ వాదన వినడానికి బాగుంటుంది కానీ నాకు పూర్తిగా ఎక్కదు. ఓటేసి వచ్చినవాడెవడూ మా మెట్ల మీద వాంతి చేసుకోలేదు.

మా అబ్బాయి అప్పటిదాకా స్ట్రాతో కుస్తీ పడుతున్నాడు. వాడు యానాం గుర్తుచేశాడు. కాలేజీలో వాడి స్నేహితుడిది కోనసీమ. ఎదుర్లంకలో 21 నిండాలి, గోదావరి మీద బాలయోగి వంతెన దాటి యానాంలో కాలుపెడితే పుదుచ్చేరి చట్టం, 18 నిండితే చాలు. గోవాలోనూ 18. కేరళలో 23, 2017లో 21 నుంచి పెంచారు. బీహార్, గుజరాత్‌లో ఏ వయసుకీ లేదు. మద్యం రాష్ట్రాల జాబితాలోది కాబట్టి ఎవరి అంకె వాళ్ళది. మా పీజీ పిల్లలకి రాజ్యాంగం పాఠాల్లో ఇదొక్కటి బాగా వచ్చు, పరీక్షలవగానే మడివాళలో గోవా బస్సెక్కుతారు.

అమెరికా మాట రాకుండా తెలుగువాళ్ళ బల్ల మీద ఏ చర్చా పూర్తికాదు. అక్కడ 1971లో ఓటు వయసు 18 అయ్యాక చాలా రాష్ట్రాలు మందు వయసు కూడా తగ్గించాయి. కుర్రాళ్ళ కారు ప్రమాదాలు పెరిగాయని 1984లో కేంద్రం చట్టం చేసింది: 21 పెట్టకపోతే మీ రహదారుల నిధుల్లో కోత పెడతాం అని. రాష్ట్రాలన్నీ దారికొచ్చాయి. తమ్ముడు దీన్ని పట్టుకుని చూశావా అన్నాడు. నేను చూసింది వేరే. మా పీజీలో ఉండి డాలస్‌కి ఎంఎస్‌కి వెళ్ళిన ఒకబ్బాయి అక్కడ ఇచ్చిన లైసెన్సు ఫొటో పంపాడు. 21 నిండనివాళ్ళకి కార్డు నిలువుగా ముద్రిస్తారు, నిండినవాళ్ళకి అడ్డంగా. కౌంటర్‌లో ఉన్నవాడు తేదీ చదవక్కర్లేదు, కార్డు ఎటు పట్టుకున్నారో చూస్తే చాలు. అడిగే మనిషి ఉన్నాడని నమ్మకం ఉన్నచోట 21కి విలువుంటుంది. మన దగ్గర 21 అని బోర్డు మీద రాసి, కింద చిల్లర ఎంచి ఇస్తున్నారు.

మేనకోడలు ఇంగ్లండ్ పద్ధతి చెప్పింది. అక్కడ కొనడానికి 18 నిండాలి. కానీ 16, 17 ఏళ్ళ పిల్లలు పెద్దవాళ్ళతో రెస్టారెంట్‌లో కూర్చుని భోజనం చేస్తుంటే, పెద్దవాళ్ళు కొనిచ్చిన బీరో వైనో తాగచ్చు. విస్కీ, బ్రాందీ కుదరవు. మన దేశంలో ఆ పని చేస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్: 18 నిండని పిల్లలకి మందు ఇచ్చినవాళ్ళకి ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. నాకు ఈ సెక్షన్ మీద పేచీ లేదు, 18 లోపు పిల్లల విషయంలో అలాగే ఉండాలి. నేనడిగేది 18కీ 21కీ మధ్య ఉన్న మూడేళ్ళ గురించి.

నా మట్టుకు నాకు ఇలా ఉంటే బాగుండనిపిస్తుంది. ఇలాంటి చోట, కూర్చుని, భోజనంతో పాటు, బీరు మాత్రం 18కి ఇవ్వండి. సీసా ఇంటికి పట్టుకెళ్ళే షాపులో 21 ఉంచండి, కావాలంటే హార్డ్ లిక్కర్‌కి ఇంకో రెండేళ్ళు పెంచండి. ఎక్సైజ్ వాళ్ళు షాపుకో లైసెన్సు, బార్‌కో లైసెన్సు, బ్రూపబ్‌కో లైసెన్సు వేరువేరుగానే ఇస్తున్నారు, వయసు కూడా దానికి తగ్గట్టు వేరుగా పెట్టడం బ్రహ్మవిద్యేం కాదు. ఇది విని తమ్ముడు, "మీ పీజీ టెర్రస్ శుభ్రంగా ఉండాలని చట్టం మార్చమంటున్నావు" అన్నాడు. అవును, మరి నేను చూసే టెర్రస్ అదే కదా.

బండి విషయం ఒకటి తేలాలి, లేకపోతే నా ప్రతిపాదన అక్కడే కూలుతుంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్, మొదటిసారికే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇక్కడ బిల్లు ఇచ్చేటప్పుడు ఎవరు నడుపుతున్నారని అడిగారు. మేం మెట్రోలో వచ్చామని చెప్తే సరేనన్నారు. పక్క బల్లవాళ్ళు బైకు తాళాలు చూపించి నవ్వారు, వాళ్ళనీ ఏమీ అనలేదు. తలుపు దగ్గర అంత పట్టుగా ఉన్నవాళ్ళు పార్కింగ్ దగ్గర చేతులెత్తేశారు. దీనికి మార్కులు కోశాను.

తిండి సంగతి త్వరగా ముగిస్తాను. బీరుతో పాటు ఇచ్చే కాంగ్రెస్ కడలెకాయి, అదే కారం పట్టించిన వేరుశనగపప్పు, బ్రహ్మాండంగా ఉంది, అడిగితే మళ్ళీ ఇచ్చారు. గుంటూరు చికెన్ అని ఒకటుంది, దాన్ని గుంటూరులో ఎవరూ చూసి ఉండరు: ఎర్ర రంగు, క్యాప్సికం, చక్కెర. చేప వేపుడు నెల్లూరు మనిషిని కాబట్టి కాస్త కఠినంగానే చూశాను. పాసైంది, చేప తాజాది. అన్నం అడిగితే ఫ్రైడ్ రైస్ తప్ప లేదన్నారు. పెరుగన్నం కోసం తమ్ముడు పీజీకి వచ్చాక మా ఆయన్ని లేపాడు.

పాటల హోరు ఏడున్నర తర్వాత భరించలేం, ట్యాంకుల వైపు బల్ల అడగండి. ఆడవాళ్ళ వాష్‌రూమ్ శుభ్రంగా ఉంది, తాళం పడుతుంది, ఆ రెండూ ఒకే పబ్బులో దొరకడం అరుదని మా మేనకోడలంటోంది. బిల్లులో సర్వీస్ ఛార్జీ వేశారు. అది తప్పనిసరి కాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. ఆ మాట చెప్పి తీసేయమంటే గొడవ లేకుండా తీసేశారు. ఆ డబ్బు తలుపు దగ్గర అస్సాం అబ్బాయి చేతిలో పెట్టాం.

ఐదుకి మూడున్నర మార్కులు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆరింటికల్లా వెళ్ళండి, ఎనిమిదికి పసుపు బ్యాండ్ల వాళ్ళని నిజంగానే లేపేస్తారు. ఆధార్ అసలు కార్డు జేబులో ఉంచుకోండి. లిఫ్ట్ దిగిన చోట సిగ్నల్ అందదు, డిజిలాకర్ తెరుచుకోడానికి మళ్ళీ కిందికి దిగాల్సి వస్తుంది.